గరిటె మన చేతిలో ఉంటే సర్వర్‌కు టిప్పు తగ్గించాలా?

ఒడిశాలోని బరంపురంలో ఏ ఫ్యామిలీ హోటల్లో భోంచేసినా చివర్లో ఒక చిన్న పళ్లెం వస్తుంది. అందులో సోంపు, పటికబెల్లం పలుకులు, వాటి కింద మడిచిన బిల్లు. డబ్బులు పెడితే సర్వర్ పట్టుకెళ్లి చిల్లరతో మళ్లీ తెస్తాడు. ఆ చిల్లరలోంచి ఒక పదో ఇరవయ్యో సోంపు గింజల మధ్య వదిలేసి లేస్తారు. మన వైపు టిప్పంటే ఇంతే. ఎవరూ శాతాలు లెక్కకట్టరు, ఎవరూ ఎవరినీ అడగరు.

అదే కుటుంబం గోపాల్‌పూర్ బీచ్ దగ్గర గది తీసుకుని పొద్దున్నే బఫేలో టిఫిన్ చేస్తే ఆ పళ్లెం రాదు. టిఫిన్ డబ్బులు గది అద్దెలోనే కలిసిపోయి ఉంటాయి. ఇడ్లీ ఎవరిది వాళ్లే వేసుకున్నారు, చట్నీ వాళ్లే పోసుకున్నారు, కాఫీ మిషన్ బటన్ వాళ్లే నొక్కుకున్నారు. తిని, చెయ్యి కడుక్కుని, బీచ్‌కి బయల్దేరతారు. టిప్పు ఇవ్వకూడదని అనుకున్నవాళ్లు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. ఇవ్వాలన్న ఆలోచన వచ్చే సందర్భమే రాలేదు.

బఫే సర్వర్‌కూ టేబుల్ సర్వర్‌కూ ఒకే టిప్పు ఇవ్వాలా అని అడిగితే చాలామంది వెంటనే కష్టం తూకం వేస్తారు. టేబుల్ దగ్గర సర్వర్ ఆర్డర్ రాసుకుంటాడు, తెస్తాడు, వడ్డిస్తాడు, మళ్లీ అడుగుతాడు. బఫేలో నిలబడి ఉంటాడు. కాబట్టి వీడికి తక్కువ చాలు అంటారు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ సోంపు పళ్లెం లేకపోవడాన్ని అది పట్టించుకోదు. బఫే సర్వర్‌కు టిప్పు రాకపోవడానికి మొదటి కారణం అతను తక్కువ పని చేయడం కాదు, డబ్బు చేతులు మారే చోట అతను లేకపోవడం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. టిప్పు వెనక ఉన్న పాత ఆశ అంతా అందులో ఉంది. తరచూ వెళ్లే హోటల్లో సర్వర్ చేతిలో ఇరవై రూపాయలు పెట్టేది అతన్ని మనవాణ్ని చేసుకోవడానికే. మళ్లీసారి వెళ్తే ఫ్యాన్ కింద టేబుల్ చూపిస్తాడు, అడగకుండానే రెండో గిన్నె సాంబారు తెస్తాడు. బఫేలో ఆ అవసరం లేదు. గరిటె మన చేతిలోనే ఉంది, ముక్కలు ఏరుకునేది మనమే. టిప్పంటే శ్రద్ధను కొనుక్కోవడమే అయితే బఫేలో సున్నా ఇవ్వడమే న్యాయం. చేసిన పనికి కృతజ్ఞత అయితే మాత్రం బఫేలో ఆ మనిషి ఏం చేస్తున్నాడో ఒక పూటైనా చూడాలి.

చూస్తే కనిపించేవి ఇవి. టేబుల్ మీద భోజనానికి మనిషికి ఒక కంచం, రెండు మూడు గిన్నెలు. బఫేలో ఒక మనిషి మొదట ఒక ప్లేటు నిండా స్నాక్స్ తింటాడు, దాన్ని పక్కన పెట్టి అన్నానికి మరో ప్లేటు, స్వీటుకి గిన్నె, ఆఖర్న పెరుగన్నానికి ఇంకోటి. వందమంది తింటే నాలుగు వందల ఎంగిలి పాత్రలు తేలతాయి. పెట్టాల్సిన చోట ఎవరూ పెట్టరు. కుర్చీ కింద, కిటికీ గట్టు మీద, పూలకుండీ పక్కన పెట్టేసి వెళ్తారు. ఒక కుర్రాడు వంగి అవన్నీ ఏరుకుంటూ తిరుగుతుంటాడు. మిగిలిన అన్నం, ఎముకలు, తినకుండా వదిలేసిన గులాబ్‌జామ్ చేత్తో డ్రమ్ములోకి తోసి, ప్లేట్లు టబ్బులో పేర్చి, ఆ టబ్బును ఇద్దరు చెరో పక్కా పట్టుకుని వెనక్కి మోస్తారు. టేబుల్ సర్వర్ చేతిలో మనకు పొగలు కక్కే పళ్లెం కనిపిస్తుంది. బఫే కుర్రాడి చేతిలో ఎంగిలి కనిపిస్తుంది. టిప్పు ఇచ్చే చెయ్యి ఎటు సాగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పాత్రల సంగతి ఇంకా తెలియదు జనానికి. వరసగా పెట్టిన స్టీలు పాత్రల కింద వేణ్ణీళ్ల తొట్టె ఉంటుంది, దాని కింద చిన్న డబ్బాలో ఇంధనం వెలుగుతుంటుంది. నీళ్లు ఇగిరిపోతే పైనున్న కూర అడుగంటుతుంది. మంట ఆరిపోతే కూర చల్లారుతుంది. వేడి 60 డిగ్రీల కిందికి దిగి ఎక్కువసేపు ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే అతను మాటిమాటికీ మూత ఎత్తి చూస్తాడు, ఎత్తినప్పుడల్లా ఆవిరి మణికట్టు మీద కొడుతుంది. పాతది అడుగున ఉండగా కొత్తది దానిమీద పోయకూడదు, గిన్నె మార్చాలి. ఇదంతా సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తప్పితే మర్నాడు పదిమందికి విరేచనాలు.

ఇంకొక పని గరిటెల కాపలా. పనీర్ గిన్నెలో కోడికూర గరిటె పెట్టేసే మహానుభావులు ప్రతి బఫేలో ఉంటారు. ఒడియా ఇళ్లలో కార్తీకం నెలంతా, మరీ ముఖ్యంగా ఆఖరి అయిదు రోజులు, నీచు ముట్టరు. తెలుగిళ్లలో సోమవారమో శనివారమో మొక్కు ఉన్నవాళ్లు ఉంటారు. ఒక్క గరిటె మారితే ఒక పెద్దావిడ ఆ పూట పస్తుండాల్సిందే. అందుకని అక్కడ నిలబడ్డ కుర్రాడు కళ్లు గిన్నెల మీదే పెట్టి, గరిటె తీసి, తుడిచి, కొత్తది పెడుతుంటాడు. మధ్యలో వచ్చినవాళ్ల ముఖం చూసి భాష ఎంచుకుంటాడు. ఒకరితో "ఇంకొంచెం వెయ్యమంటారా అన్నయ్యా" అంటే, పక్కవాళ్లతో "భాయినా, ఆఉ టికే దేబి?" అంటాడు. బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో ఈ రెండు భాషలూ రాకుండా వడ్డన నడవదు. నిలబడి ఉంటాడు కదా అనే మాట ఇవేవీ చూడని మాట.

టేబుల్ సర్వర్ కష్టాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయిదారు టేబుళ్ల ఆర్డర్లు బుర్రలో పెట్టుకోవాలి. ఈ టేబుల్‌కి కారం లేకుండా పిల్లాడి దోసె, ఆ టేబుల్‌కి ఉల్లి లేని ఉప్మా. వంటింట్లో ఆలస్యమైతే తిట్లు తినేది అతనే. వంటవాడు ఉప్పు మర్చిపోతే తల దించుకునేది అతనే. ఈ ముఖాముఖి టెన్షన్ బఫే సర్వర్‌కు చాలావరకు ఉండదు, అది ఒప్పుకోవాలి. దానికి నాలుగు రూపాయలు ఎక్కువ పోతే అన్యాయమేమీ లేదు. అన్యాయం ఒకరికి ఇరవై, ఇంకొకరికి సున్నా దగ్గరే ఉంది.

అసలు "ఇద్దరికీ ఒకే టిప్పా" అనే వాదన ఇంత వేడిగా నడిచేది అమెరికాలో. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల నోట ఇక్కడ కూడా వినిపిస్తోంది కాబట్టి అక్కడి లెక్క తెలుసుకోవడం మంచిది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు, అదీ 2009 నుంచి అక్కడే ఆగింది. మధ్యలో ఉన్న 5.12 డాలర్లు కస్టమర్ల టిప్పులతో నిండాలి, నిండకపోతే యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ తక్కువ జీతం పద్ధతిని ఒప్పుకోవు, మిగతా చాలా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. అక్కడి మర్యాద ప్రకారం టేబుల్ సర్వర్‌కు బిల్లులో 15 నుంచి 20 శాతం, బఫేలో దాదాపు 10 శాతం. జీతంలో పెద్ద భాగం టిప్పే అయిన చోట సగం టిప్పు అంటే ఇంటి అద్దె మీద దెబ్బ. అందుకే అక్కడి బఫే సర్వర్లు ఆ తేడా గురించి గట్టిగా మాట్లాడతారు.

మన దేశంలో పునాదే వేరు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో గానీ, దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతన కోడ్‌లో గానీ టిప్పులు చూపించి కనీస వేతనం తగ్గించుకునే వెసులుబాటు యజమానికి లేదు. టిప్పు వచ్చినా రాకపోయినా పూర్తి కూలి ఇవ్వాల్సిందే. ఆ చట్టం ప్రతి హోటల్ గుమ్మం దాకా చేరిందని ఎవరూ చెప్పలేరు, కానీ హక్కు మాత్రం అలా రాసి ఉంది. కాబట్టి "అమెరికాలో బఫేకి సగమే ఇస్తారట" అని ఇక్కడ ఉదాహరణ చూపడం పొసగదు. అక్కడ ఇచ్చే ఆ సగం టిప్పు, జీతంలో ముక్క. ఇక్కడిది జీతం పైన ఇచ్చే మర్యాద.

ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికి బరంపురంవాళ్లకు దూరం వెళ్లక్కర్లేదు. 1894లో ఈ ఊళ్లోనే పుట్టిన వి.వి.గిరి రాష్ట్రపతి కాకముందు రైల్వే కార్మికుల నాయకుడు, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి 1954లో మంత్రి పదవి వదిలేశారు. తీర్పు ప్రకారం రావాల్సిన జీతం ఇంకొకరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదనే పట్టుదల అందులో ఉంది. టిప్పు ఎంత పెద్దదైనా ఇష్టమే. అది చూపించి "మీకు పైన వస్తాయి కదా" అని కూలి తగ్గించే యజమాని కార్మికుడి హక్కును కస్టమర్ జేబుకి తగిలిస్తున్నాడు.

టిప్పు డబ్బు ఎవరిది అనే దానిమీద సుప్రీంకోర్టు 2016లో స్పష్టంగా మాట్లాడింది. కార్డు మీద బిల్లుతో పాటు కస్టమర్ ఇచ్చిన టిప్పును హోటల్ తన ఉద్యోగులకు పంచితే అది జీతం కిందికి రాదని, యజమాని ఆ డబ్బుకు ధర్మకర్త లాంటివాడేనని చెప్పింది. కేసు ఆ టిప్పుల మీద యజమాని ఆదాయపు పన్ను ముందే కోయాలా అన్న దాని గురించి. కానీ ఆ మాటలో బఫే సర్వర్‌కు పనికొచ్చేది ఒకటుంది: గల్లాపెట్టెలోకి వెళ్లినంత మాత్రాన టిప్పు హోటల్‌ది అయిపోదు. అది పంచాల్సిన డబ్బు. ఎవరెవరికి పంచాలన్నదే మిగిలిన ప్రశ్న.

పంచడానికి ఒకప్పుడు పెద్ద హోటళ్లలో సర్వీస్ ఛార్జీ అనే దారి ఉండేది. బిల్లు మీద అయిదో పదో శాతం వాళ్లే వేసేవారు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. ఆ డబ్బు వంటింట్లో ఉన్నవాళ్లకూ చేరుతుందని వాళ్లు వాదించారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టంగా టిప్పు ఇవ్వొచ్చు, బిల్లులో కలిపి లాగకూడదు. కస్టమర్ వైపు నుంచి చూస్తే అది సరైన తీర్పే. మెనూలో ఒక ధర చూపించి బిల్లులో ఇంకొకటి వేయడం మోసం. కానీ ఒక సంగతి గమనించాలి. ముఖం కనిపించని పనివాడికి వాటా అందేందుకు ఉన్న ఒక దారి దీంతో ఇరుకైంది. దాని బదులు ఇంకొకటి హోటలే పెట్టాలి, కస్టమరే అడగాలి.

ఇక శాతాల సంగతి. నలుగురున్న కుటుంబం టేబుల్ మీద తింటే బిల్లు 1200 అయిందనుకుందాం. 10 శాతం అంటే 120. అదే కుటుంబం మనిషికి 500 చొప్పున బఫేకి వెళ్తే బిల్లు 2000, 10 శాతం 200. అంటే శాతం పట్టుకుంటే బఫే సర్వర్‌కే ఎక్కువ పోవాలి. అందులో సగం చేస్తే 100, దాదాపు టేబుల్ దగ్గరికే వస్తుంది. ఈ ఊగిసలాటకు పనితో సంబంధమే లేదు. ఇడ్లీ ప్లేటు తెచ్చినా రొయ్యల బిర్యానీ ప్లేటు తెచ్చినా సర్వర్ నడిచిన అడుగులు అవే. బిల్లు కొలత వంట ఖరీదుకి సరిపోతుంది, వడ్డన కష్టానికి సరిపోదు. మన వైపు జనం ముందునుంచీ శాతం చూడకుండా పదో, ఇరవయ్యో, యాభయ్యో అని ఇస్తున్నారు. ఆ అలవాటే మేలు. తినే మనుషులు ఎంతమంది, మన తర్వాత తుడవాల్సింది ఎంత, పిల్లలు కింద ఎంత పోశారు అన్నది చూసి ఇవ్వడంలో ఎక్కువ న్యాయం ఉంది. ఆ కొలతతో చూస్తే బఫేకి తగ్గించడానికి కారణం దొరకదు. టేబుల్ దగ్గర యాభై ఇచ్చే కుటుంబం బఫేలోనూ యాభై ఇవ్వొచ్చు.

ఆ యాభై కూడా ఇప్పుడు తేలిగ్గా రావడం లేదు. టిప్పు పుట్టిందే చిల్లరలోంచి. ఫోన్లో యూపీఐ వచ్చాక 1187 రూపాయల బిల్లుకు సరిగ్గా 1187 వెళ్తుంది, పదమూడు రూపాయలు మిగలవు. జేబులో నోట్లు ఉండవు. టేబుల్ సర్వర్ కనీసం ఎదురుగా నిలబడి ఉంటాడు కాబట్టి కొందరు మొహమాటానికైనా వెతుకుతారు. బఫే కుర్రాడు ఎంగిలి టబ్బుతో వెనక ఉంటాడు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అసలు బఫే ఉండేది హోటళ్లలో కాదు, పెళ్లిళ్లలో. ఇక్కడ ప్రశ్న ఇంకా పదునవుతుంది. ఒకప్పుడు పెళ్లిలో వడ్డించేది బావలు, మేనల్లుళ్లు, వీధిలో కుర్రాళ్లు. నడుముకు తువ్వాలు బిగించి, పప్పు బకెట్టు ఒకడు, పులుసు బకెట్టు ఒకడు పట్టుకుని బంతి చుట్టూ తిరిగేవారు. పర్లాకిమిడి చుట్టూ, మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు పల్లెల్లో ఆ బంతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి. వియ్యంకుడి విస్తట్లో మూడోసారి నెయ్యి వేసిన కుర్రాడికి టిప్పు ఇస్తే ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకునేవారు. అది చుట్టరికం, దానికి వెల లేదు.

బఫే వచ్చాక ఆ బావలూ మేనల్లుళ్లూ ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాళ్ల చోటులోకి క్యాటరింగ్ కుర్రాళ్లు వచ్చారు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తలకు ప్లాస్టిక్ టోపీ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే డిగ్రీ పిల్లలు, పొలం పనులు లేని నెలల్లో దొరికిన పని చేసుకునేవాళ్లు. రోజు లెక్కన కూలి. సాయంత్రం వచ్చి గిన్నెలు దింపితే, ఆఖరి చుట్టం తిని, గిన్నెలు కడిగి, వ్యాన్ ఎక్కించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అందరూ తిన్నాక మిగిలింది వాళ్ల భోజనం. వడ్డనలో పని పోలేదు, చుట్టాల చేతుల్లోంచి కూలివాళ్ల చేతుల్లోకి మారింది. చుట్టరికంతో పాటు ఉన్న మర్యాద మాత్రం వాళ్లకు బదిలీ కాలేదు.

పెళ్లివారు చెయ్యి బిగించేవాళ్లు కాదు. పందిరి విప్పేలోపు వంటమేస్త్రికి బట్టలు పెడతారు, పైన అయిదొందలో వెయ్యో చేతిలో పెడతారు. మేళగాళ్లకు ఇస్తారు, డ్రైవర్లకు ఇస్తారు. క్యాటరింగ్ బిల్లు ప్లేటు లెక్కన ముందే మాట్లాడేసుకున్నారు కాబట్టి వడ్డించిన కుర్రాళ్ల లెక్క అందులోనే తేలిపోయిందని అనుకుంటారు. ప్లేటు ధర బేరమాడి పాతికో ముప్పయ్యో తగ్గించినప్పుడు ఆ తగ్గింపు పప్పులోంచి వచ్చిందో కుర్రాళ్ల కూలిలోంచి వచ్చిందో ఎవరూ అడగరు. అడగాలి. ఎన్ని ప్లేట్లో మాట్లాడేటప్పుడే ఎంతమంది కుర్రాళ్లు వస్తారు, రాత్రి ఆలస్యమైతే వాళ్లు ఇంటికెలా వెళ్తారు, మొదట్లోనే కొంత వంట వాళ్ల కోసం పక్కన పెడతారా అన్న మూడు మాటలు అడగడానికి రెండు నిమిషాలు చాలు.

హోటల్లో అయితే పని ఇంకా తేలిక. బఫే హాలు గుమ్మం దగ్గర, చేతులు కడుక్కునే చోట అందరికీ కనిపించేలా ఒక డబ్బా, దాని మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంటే చాలు. అందులో పడింది కౌంటర్ దగ్గరివాడికీ, క్లీనర్‌కీ, గిన్నెలు తోమే ఆమెకీ సమానంగా పంచుతారని తెలుగులో, ఒడియాలో రెండు ముక్కలు రాయాలి. మేనేజర్‌కు అందులో వాటా ఉండకూడదు. అమెరికాలో 2018 చట్టం యజమానులకు, మేనేజర్లకు ఉద్యోగుల టిప్పుల్లో వాటా లేదని తేల్చింది. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ నుంచి టిప్పులన్నీ పనివాళ్లకే న్యాయంగా పంచాలన్న చట్టం అమల్లో ఉంది. ఇక్కడ చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆ డబ్బా దగ్గర ఒక పుస్తకం పెట్టి వారానికోసారి అందరి ముందూ లెక్క రాస్తే సరిపోతుంది. డబ్బా లేని చోట కస్టమర్ ఒక పని చేయొచ్చు. ఎంగిలి ప్లేటు తీసుకోవడానికి వచ్చిన చేతిలోనే, ఆ ప్లేటు ఇస్తూ, నోటు పెట్టొచ్చు.

పెళ్లిలో చివరి గిన్నె కడిగి వ్యాన్ తలుపు వేసేముందు కుర్రాళ్లందరూ ఒకచోట చేరతారు, కూలి అప్పుడే అందుతుంది. పెళ్లివారి నుంచి ఒక కవరు ఆ సమయానికి వెళ్లాలి. మేస్త్రికి విడిగా ఇచ్చినది కాక, ఎంతమంది పనిచేశారో లెక్కపెట్టి తలకి యాభయ్యో వందో వేసి, అందరూ చూస్తుండగా విప్పి పంచమని చెప్పి ఇవ్వాలి. పదిహేనుమంది కుర్రాళ్లుంటే తలకి వంద చొప్పున పదిహేను వందలు. ఆ రాత్రి పందిట్లో కట్టిన పూల దండల ఖర్చులో అది ఒక మూలకి రాదు.